పాఠంలో లేని పేజీ

పరిశోధన అంటే ఏమిటో ఇంగ్లీషు ఎమ్మే పిల్లలకు చాలా ఏళ్ళు చెప్పాను. అమలాపురంలో మా కాలేజీలో ఆ పేపరు నాదే. చెప్పడమంటే నోట్సు రాయించడం. పరిశోధనకు నిర్వచనం, అందులో రకాలు, మంచి పరిశోధకుడికి ఉండవలసిన లక్షణాలు, వ్యాసం చివర పుస్తకాల పట్టిక ఏ వరసలో ఉండాలి, ఇవన్నీ. నా నోట్సు అంచులు పసుపెక్కి, మూలలు నలిగిపోయినా మార్చలేదు. పిల్లలు తల వంచుకుని రాసుకునేవారు, పరీక్షలో తిరిగి నాకే అప్పజెప్పేవారు, నేను మార్కులు వేసేవాణ్ణి. వాళ్ళలో ఒక్కరికైనా పరిశోధన చెయ్యడం వచ్చిందా అని నేను ఎప్పుడూ అడగలేదు. నాకు వచ్చా అని నన్నూ ఎవరూ అడగలేదు.

రిటైరై కొన్నేళ్ళయింది. మీలో ఎవరైనా ఇప్పుడు ప్రాజెక్టు రాస్తూ, గైడు ఏం చెబితే అదే రాసి బయటపడదామని చూస్తుంటే ఈ సంగతి మీకోసమే. ఇందులో నేను తెలివైనవాణ్ణి కాను. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక.

మా సిలబస్‌లో పాత ఆంగ్ల నవలిక ఒకటి ఉండేది. పేరెందుకు లెండి. సముద్రం ఒడ్డున ఓ పల్లె, అక్కడ పడవ నడిపే ముసలాయన, ఆయన కూతురు. గాలివానలో ఎవరినో దాటించడానికి ఆయన పడవ వేసుకుని వెళతాడు. మర్నాడు పడవ ఖాళీగా కొట్టుకొస్తుంది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి కూతురికి ఆ కబురు చెబుతారు. మా పాఠ్యపుస్తకంలో ఆ తరవాతి వాక్యంలోనే ఆ పిల్ల లేచి ల్యాంపు వెలిగిస్తుంది. ఒక్క మాట అనదు. ఒక్క కన్నీటిబొట్టు రాల్చదు.

ఆ చోటు నా సొత్తు. అక్కడికి రాగానే పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, కాసేపు ఊరుకునేవాణ్ణి. ఎంతసేపు ఊరుకోవాలో నాకు బాగా తెలుసు. తరవాత గొంతు తగ్గించి, ఈ అమ్మాయి మౌనాన్ని చూడండి, వెయ్యి మాటలు చెయ్యలేని పని ఈ మౌనం చేసింది అని మొదలుపెట్టేవాణ్ణి. ముందు బెంచీల్లో కళ్ళు తుడుచుకునే పిల్లలుండేవారు. ఆ మౌనం మీద ఒక వ్యాసం రాసి పత్రికలో అచ్చేయించుకున్నాను కూడా. సర్వీసు మొత్తం మీద నేను గర్వంగా చెప్పుకునే రాత అదొక్కటే. ప్రాజెక్టుకు ఎవరు నా కిందికి వచ్చినా దాని జిరాక్సు చేతిలో పెట్టేవాణ్ణి.

ఒక ఏడు నా కింద చేరిన అమ్మాయి మురమళ్ళ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేది. వేదం చెప్పుకునే ఇల్లు వాళ్ళది. తాతగారు ఘనపాఠి. ఇంటి వసారాలో పదిమంది పిల్లలకు వేదం చెబుతారని, ఈ అమ్మాయి ఆ గోడకు ఇవతల కూర్చుని ఇంగ్లీషు చదువుకుంటుందని తరవాత తెలిసింది. క్లాసులో నోరు విప్పేది కాదు. నా వ్యాసం ఇచ్చి, ఈ నవలికలో మౌనం గురించి రాయమ్మా అన్నాను. ఆయ్ అని తీసుకుని వెళ్ళిపోయింది.

నెల తిరగకుండా మా లైబ్రేరియన్ గారు నా గదికి వచ్చారు. ఆయనకు పుస్తకాలంటే ప్రాణం, అందుకని ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఎప్పుడో ఓ ప్లీడరు గారి ఇంటివాళ్ళు కాలేజీకి ఇచ్చేసిన పాత పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండేవి. ఆ తాళంచెవి ఆయన జంధ్యానికి కట్టుకున్నారని మేం వేళాకోళం చేసేవాళ్ళం. మీ స్టూడెంటు ఆ బీరువా తీయించింది, మీరు నోట్సులో రాయించారట, కాదనలేకపోయాను అన్నారు. నేనేం రాయించానో నాకు గుర్తు రాలేదు. నోట్సు తీసి చూసుకుంటే నిజమే: సాధ్యమైనంతవరకు పాత ప్రతులను సంప్రదించవలెను. ఏళ్ళ తరబడి రాయించాను గానీ ఎవరైనా ఆ పని చేస్తారని మాత్రం అనుకోలేదు.

మరో రెండు వారాలకు ఆ అమ్మాయి రెండు పుస్తకాలూ, ఒక రూళ్ళ నోటుబుక్కూ పట్టుకుని వచ్చింది. పాత పుస్తకానికి తెల్ల గుడ్డ చుట్టి తెచ్చింది. నోటుబుక్కులో పేజీకి రెండు వరసలుగా ఒక్కొక్క ఇంగ్లీషు మాట రాసి ఉంది. ఎడమ వరస పాత పుస్తకం, కుడి వరస మా పాఠ్యపుస్తకం. ఇదేమిటన్నాను.

వాళ్ళింట్లో ఆ వేదం పిల్లలు యాభై పదాలను ఒక పనస అంటారట. ఒక భాగం చెప్పడం పూర్తయ్యాక, ఏ పనస ఏ పదం దగ్గర ఆగిందో, చివర మిగిలిన పదాలెన్నో కూడా వరసగా చెప్పుకుంటారట. మధ్యలో ఒక్క పదం జారినా, ఒక్కటి ఎక్కువైనా అక్కడ దొరికిపోతుంది. పుట్టిన దగ్గర్నుంచి అది వింటూ పెరిగిన పిల్ల కనక, ఏది చదివినా యాభై పదాలకో గుర్తు పెట్టుకోవడం అలవాటైపోయింది. రెండు పుస్తకాలనూ అలాగే లెక్కపెట్టింది. అరవై ఎనిమిది పేజీల వరకు ఎడమ మాటా కుడి మాటా ఒకటే. అక్కణ్ణుంచి చివరిదాకా ఏదీ కలవలేదు.

"లెక్క తప్పి ఉంటావమ్మా" అన్నాను.

"మూడుసార్లు లెక్కపెట్టేనండి" అంది.

గుడ్డ విప్పి, వేలు తగలకుండా ఆ పేజీ చూపించింది. ఇరుగుపొరుగువాళ్ళు కబురు చెప్పారు. ఇక్కడ ఆ కూతురు నోరు విప్పింది. చిన్నా చితకా కాదు, రెండు పేజీల నిండా మాట్లాడుతోంది. ఆ తరవాతే ల్యాంపు వెలిగించింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ముఖం మీద ఏమీ కనబడనివ్వలేదు, ఆ విద్య మాష్టర్లకు పెట్టింది పేరు. ముందు పుస్తకంలో ఉంటే ఉండొచ్చు, రచయితే తరవాత ఇది బాగాలేదని తీసేసి ఉండొచ్చు, అలా తీసెయ్యలేదని రుజువేమిటి, ఆ రుజువు తెచ్చాక నా దగ్గరికి రా అన్నాను. నా గొంతు కాస్త పెరిగింది కూడా. పుస్తకానికి మళ్ళీ గుడ్డ చుట్టుకుని, ఆయ్ అంటూ వెళ్ళిపోయింది. దీంతో ఈ గొడవ వదిలిందనుకున్నాను. రచయిత చచ్చి శతాబ్దం దాటింది. ఆయన కొట్టేశాడో లేదో మురమళ్ళ బస్సులో తిరిగే పిల్ల ఎలా తేలుస్తుంది?

తేల్చింది. పై దేశంలో ఆ రచయిత కాగితాలు దాచిన లైబ్రరీ ఏదో కనుక్కుని, తన ఫోను నుంచే ఒక ఉత్తరం పంపింది. రచయిత బతికుండగా వచ్చిన ఆఖరి ముద్రణలో ఈ భాగం ఉందా అని అడిగింది. ముక్కూ ముఖం తెలియని ఎవరో లైబ్రేరియన్ నాలుగు రోజుల్లో ఆ పేజీల ఫొటోలు పంపించారు. మా బీరువా తాళంచెవి తలచుకుని నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. ఆఖరి ముద్రణలో ఆ మాటలన్నీ ఉన్నాయి. అంతే కాదు, ఆ ముద్రణలో ఆ భాగం సరిగ్గా ఒకే కాగితానికి రెండువైపులా ఉంది. ముందువైపు ఒక కొత్త వాక్యంతో మొదలై, వెనకవైపు ఒక వాక్యం పూర్తయ్యేసరికి ముగిసింది. అంటే మన దేశంలో పాఠ్యపుస్తకం వేసినవాళ్ళ చేతిలో ఉన్న ప్రతికి ఆ ఒక్క కాగితం ఊడిపోయి ఉంటుంది. వాక్యం మధ్యలో తెగి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు. అతికినట్టు కుదిరిపోయింది గనక ఎవరికీ అనుమానం రాలేదు. నేనైతే ఆ ఊడిపోయిన కాగితం మీద వ్యాసమే రాశాను.

ఇప్పుడు చెబుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అప్పుడు గగుర్పాటు కంటే ముందు కోపం వచ్చింది. ప్రాజెక్టు మొత్తం నా బల్లమీద పెట్టింది. మూడో అధ్యాయం పేరే 'లేని మౌనం'. నా వ్యాసాన్ని ఎక్కడా తూలనాడలేదు. 'ఈ ప్రతి ఆధారంగా రాసిన వ్యాసాలు' అని ఒక్క మాట అని వదిలేసింది. ఆ మర్యాద నన్ను మరీ కాల్చింది. చూస్తానన్నాను. వారం ఉంచాను, రెండు వారాలు ఉంచాను. గైడు సంతకం లేనిదే ప్రాజెక్టు తీసుకోరు. గడువు ఇక ఆరు రోజులుందనగా పిలిచి, బయటి ఎగ్జామినరుకు ఇదంతా అర్థం కాదు, మూడో అధ్యాయం తీసెయ్, సంతకం పెడతాను అన్నాను.

బల్లమీది ప్రాజెక్టు తీసుకుంది. "మీరు తీసెయ్యమంటే తీసేస్తానండి. కానీ ఆ పేజీ ఉందని తెలిసేక, లేదన్నట్టు మిగతాది రాయలేనండి. ఈ ఏడాదికి ఇవ్వనండి."

ఏడాది పోతే ఇంట్లో మళ్ళీ పంపుతారా అంటే చెప్పలేనంది. ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు. ఆ సాయంత్రం లైబ్రేరియన్ గారు గదిలోకి తొంగి చూసి, ఎటో చూస్తూ అన్నారు: "ఆ పుస్తకం ఇన్నేళ్ళూ మీ కుర్చీకి ఇరవై అడుగుల దూరంలో ఉందండి. నేనూ చూళ్ళేదు లెండి." ఆయన తనను కూడా కలుపుకున్నారు.

మర్నాడు ఆదివారం. స్కూటర్ తీసి వాళ్ళ ఊరు బయలుదేరాను. పెద్దాయనకు చెప్పి, మనవరాలికి బుద్ధి చెప్పించి, ఆ అధ్యాయం తీయించాలని నా ఆలోచన. పైకి మాత్రం పిల్ల భవిష్యత్తు కోసమే వెళుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. దారిపొడుగునా చెరువుల్లో రొయ్యలకు గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి. ఏం మాట్లాడాలో ఆ చప్పుడులోనే వల్లె వేసుకున్నాను.

పెద్దాయన వసారాలో చాప మీద కూర్చుని ఉన్నారు. పిల్లలకు ఆ రోజు సెలవు. నన్ను చూసి లేచి, కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించారు. ఆ అమ్మాయి గ్లాసు నా చేతికిచ్చి తలుపు దగ్గర నిలబడింది. వల్లె వేసుకున్నదంతా చెప్పాను. పిల్ల తెలివైనదే, కానీ చిన్న విషయాన్ని పట్టుకుని ఏడాది పాడుచేసుకుంటోంది, ఆ పుస్తకంలో కాస్త తేడా ఉన్నా అర్థానికి లోటేమీ రాలేదు అన్నాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నారు.

"ఆ పుస్తకం తెచ్చేరా మాస్టారూ? ఒక్కసారి అక్కడ చదవండి, వింటాను" అన్నారు.

ఆయనకు ఇంగ్లీషు రాదని నాకు తెలుసు. పెద్దాయన ముచ్చట కాదనడం ఎందుకని పాఠ్యపుస్తకం తీసి, గాలివాన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. చదవడంలో నాకు మంచి పేరు. గొంతు ఎక్కడ పెంచాలో అక్కడ పెంచాను. ఆయన కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని వింటున్నారు. పడవ ఖాళీగా వచ్చింది. ఇరుగుపొరుగువాళ్ళు కబురు చెప్పారు. ల్యాంపు దగ్గరికి వచ్చాను. ఆయన చెయ్యి లేచింది.

"ఆగండి. ఇక్కడ జారిపోయిందండి."

ఎలా తెలిసిందన్నాను.

"అర్థం నాకేం తెలుసునండి. ల్యాంపు అన్న మాట ఇంత తొందరగా రాకూడదు. దానికి ముందు చాలాసేపు ఉంది."

జరిగింది ఇదీ. లెక్క తేలాక, ఇంకెక్కడైనా తేడా ఉందేమోనని ఆ అమ్మాయి పాత పుస్తకాన్ని పైకి చదివి ఫోనులో రికార్డు చేసుకుందట. అది వింటూ, పాఠ్యపుస్తకంలో ఒక్కొక్క మాట మీద వేలు పెట్టుకుంటూ పోయేదట. చదివేవాళ్ళూ చూసేవాళ్ళూ ఒకరే అయితే కన్ను తనకు తెలిసినదాన్నే చూస్తుందని, తప్పు దొరకదని చెప్పింది తాతగారే. అలా నెల రోజులు ఆ ఫోను వసారా పక్క గదిలో మోగుతూ ఉంటే, గోడకు అవతల ఆయన చెవిన పడింది. అర్థం తెలియని పరాయి భాషలో ఇరవై పేజీలు, ఎవరూ నేర్పకుండా, ఆయన లోపల ఎక్కడో వరసగా కూర్చున్నాయి. నేను అర్థం తెలిసినవాణ్ణి. ఆ పేజీ ఇరవైసార్లు పైనే చదివినవాణ్ణి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసినవాణ్ణి. నాకు ఖాళీ కనబడలేదు, ఆయనకు వినబడింది. అంతవరకు నేను చూసిన పండితులంతా ఒక ఎత్తు, ఆ చాప మీద మనిషి ఒక ఎత్తు అనిపించింది. గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు.

అయినా ఒక ఆఖరి ప్రయత్నం చేశాను. లేకపోతేనే బాగుంది కదండి, ఆ పిల్ల ఏమీ మాట్లాడకపోవడంలోనే అందం ఉంది అన్నాను. అది వాదన కాదు, బతిమాలడం.

"బాగుండొచ్చండి" అన్నారాయన. "కానీ ఆయన చెప్పింది మన దగ్గరికి రావాలి కదండి. వచ్చేక, బాగుందో లేదో మీవంటి వారు చెప్పాలి. రానివ్వకుండానే చెబితే ఎలాగండి?"

మందలించినట్టు లేదు. పక్క ఊరి దారి చెప్పినట్టు చెప్పారు. నేను తలుపు వైపు తిరిగి, ప్రాజెక్టు పట్రా అమ్మా అన్నాను. మూడో అధ్యాయమండీ అంది. ఉండనీ అన్నాను. వాళ్ళ వసారాలో, చాప పక్కన కూర్చుని సంతకం పెట్టాను. నా సంతకం వంకరగా వచ్చింది. పెద్దాయనకు నమస్కారం పెడదామని వంగితే ఆయనే నా చేతులు పట్టుకుని ఆపేశారు.

వైవా రోజున బయటి ఎగ్జామినరు గారు మూడో అధ్యాయం చేత్తో పట్టుకునే వచ్చారు. కూర్చోకముందే, ఈ పద్ధతి నీకెవరు నేర్పారు అని అడిగారు. ఆ అమ్మాయి మర్యాద నాకు తెలుసు. మా సారేనండి అంటుందేమోనని నాకు చెమటలు పట్టాయి. తాతగారి దగ్గర విని నేర్చుకున్నానంది. హమ్మయ్య అనుకున్నాను. అంతటితో ఆగలేదు.

"లెక్కపెట్టడం వరకే నాకొచ్చండి. రచయితే తీసేసి ఉండొచ్చు కదా, రుజువు తెమ్మని సారు అడిగేరండి. ఆ ప్రశ్న అడక్కపోతే నేను అక్కడే ఆగిపోదునండి."

ఎగ్జామినరు గారు నా వైపు తిరిగి చెయ్యి కలిపారు. గైడంటే ఇలా ఉండాలి అన్నారు. నోరు మూయించడానికి అడిగిన ప్రశ్నను ఆ పిల్ల పాఠం అనుకుని నెత్తిన పెట్టుకుంది. నాకు ఆ కుర్చీలో కూర్చోవడం కష్టమైపోయింది. లేచి నిలబడి, అయ్యా, ఆ ప్రశ్న నేర్పడానికి అడిగింది కాదు, ఈ అధ్యాయం తీసెయ్యమన్నాను, రెండు వారాలు తొక్కిపెట్టాను, ఇది తప్పని తేల్చిన వ్యాసం నాదే అని చెప్పాను. ఆ అమ్మాయి తల వంచుకుని నవ్వు ఆపుకుంటోందని నాకు అనుమానం. ఎగ్జామినరు గారు కళ్ళజోడు సర్దుకుని, అయినా ప్రశ్న మంచిదే కదండి అన్నారు.

ఆ అమ్మాయి పాసయింది. ఇప్పుడు పెద్ద యూనివర్సిటీలో పాత ప్రతుల మీదే పని చేస్తోంది. నా వ్యాసం తప్పని పత్రికకు నేనే రాసి పంపాను. దానికి జవాబు రాలేదు. పనస గురించి కలిపి నోట్సు కొత్తగా రాసుకుని, ఆ పసుపెక్కిన పాత కాగితాలు తీసి అవతల పారేశాను.

వైవా అయిన వారానికి జూనియర్ల క్లాసులో మళ్ళీ ఆ నవలికే వచ్చింది. లోపలికి వెళ్ళేముందు గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ చోటు చెప్పడానికి నాకు ఎప్పుడూ పుస్తకం అక్కర్లేదు. ఆ రోజు కావలసివచ్చింది. పిల్లలందరికీ ఆ రెండు పేజీల జిరాక్సు పంచి, చదవడం మొదలుపెట్టాను. ఆ కూతురు తండ్రిని తిడుతోంది. ఇంత వానలో ఎందుకు పోయావంటోంది, నా మాట ఎప్పుడు విన్నావు గనకంటోంది, పొద్దున పొయ్యి మీద పెట్టినది అలాగే ఉందంటోంది, వచ్చినవాళ్ళను కూర్చోమంటోంది, మళ్ళీ తిడుతోంది. పొంతన లేని మాటలు. ఇన్నేళ్ళూ నేను మాట్లాడనివ్వని మనిషి నా గొంతుతోనే మాట్లాడుతుంటే, ఎక్కడ ఆగాలో, ఎక్కడ పెంచాలో నాకు తెలియలేదు. ఎలా ఉంటే అలా చదువుకుంటూ పోయాను. ల్యాంపు వెలిగించాక కాగితం బల్లమీద పెట్టేశాను.

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నాను. నోట్సు రాసుకోవడానికి పెన్నులు పట్టుకున్న పిల్లలు ఒక్క ముక్క రాయలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో, నేను పేరు కూడా గుర్తుపెట్టుకోని అమ్మాయి, మెల్లిగా అడిగింది.

"ఇంకోసారి చదవరా సార్?"

చదివాను.